మూల లేని ఇల్లు: ఉద్దానం చుట్టిళ్ల ఫొటో ప్రాజెక్టు డైరీ

మాది విజయనగరం. భవనాల ఫొటోలు తీయడం నా వృత్తి. విశాఖపట్నంలోని బిల్డర్లకు, ఆర్కిటెక్టులకు వాళ్లు కట్టిన అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, షోరూములు తీసి ఇస్తాను. ఆ పనుల మధ్య మిగిలే రోజులను కూడబెట్టుకుని ఈ ఏడాది ఉద్దానం తీరంలో చుట్టిళ్లను తీయడం మొదలుపెట్టాను. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగులా కిందికి దిగిన తాటాకు కప్పు, అదే చుట్టిల్లు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. నా చిన్నప్పుడు ఈ తీరంలో ఏ ఊరికి వెళ్లినా కుప్పలు పెట్టినట్టు కనిపించిన ఈ ఇళ్లను ఇప్పుడు వెతుక్కోవలసి వస్తోంది. నేను ఎంచుకున్నది వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక మత్స్యకారుల పల్లె. ఇంటివాళ్లు వద్దన్నారు కనుక ఊరి పేరు రాయడం లేదు. అక్కడ ఏడు చుట్టిళ్లు మిగిలాయి.

జనవరి 19

రాత్రి పలాసలో లాడ్జిలో పడుకుని, నాలుగున్నరకే ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. కాశీబుగ్గ దాటేదాకా జీడిగింజలు కాల్చిన వాసన వెంటే వచ్చింది. ఊరు చేరేసరికి ఇంకా చీకటే. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులే అయింది. గోడలన్నీ కొత్తగా అలికి ఉన్నాయి. వాకిళ్లలో ముగ్గులు చెరగలేదు.

మొదట మామ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు డెబ్బై దాటాయి. ఏడు ఇళ్లలో పాతది ఆమెదే. ఇల్లు ఫొటో తీసుకుంటానంటే, "అబ్బాయి వేటకు పోయాడు బాబూ, ఇంట్లో నేనూ మనవడే ఉన్నాం" అంది. ఇల్లు చాలు మామ్మా అన్నాను. కాసేపు నన్నూ ఇంటినీ మార్చి మార్చి చూసి, వాకిట్లో ఉన్న చేపల బుట్ట తీసి పక్కన పెట్టింది.

పొద్దున్నంతా తీశాను. ఒక్కటీ కుదరలేదు. ఎందుకు కుదరలేదో రాసి పెట్టుకోవాలి.

నా పనికి ఆధారం 24 మిల్లీమీటర్ల షిఫ్ట్ లెన్స్. మామూలు కెమెరాను ఎత్తైన భవనం వైపు పైకెత్తితే గోడలు పైకి పోతూ ఒకదాని మీదకు ఒకటి వాలినట్టు వస్తాయి. షిఫ్ట్ లెన్స్ ఉంటే కెమెరాను తిన్నగా నిలబెట్టి, లెన్స్‌ను మాత్రం 12 మిల్లీమీటర్ల దాకా పైకి జరపవచ్చు. గోడలు నిలువుగానే ఉంటాయి, పైకప్పూ చిత్రంలోకి వస్తుంది. ఈ విద్య నేను నేర్చుకున్నది మా ఊరి గంటస్తంభం దగ్గర. 1885లో కట్టినది, 68 అడుగుల ఎత్తు, ఎనిమిది పలకలు. ఎనిమిది పలకలంటే ఎనిమిది అంచులు. ప్రతి అంచూ నిలువుగా నిలబడేదాకా ఎన్ని సాయంత్రాలు అక్కడ గడిపానో లెక్క లేదు. తర్వాత కోట. 1713లో మొదలైన ఆ కోట చదరంగా ఉంటుంది. దాని బురుజు మూల దగ్గర నిలబడితే రెండు గోడలు రెండు వైపులకు పరుగెత్తుతాయి. భవనం ఎంత పెద్దదో, ఎంత లోతుందో చూసేవాడికి చెప్పేది మూలే. మా వృత్తిలో అందరికీ తెలిసిన ఫొటో కూడా మూలదే. 1960లో లాస్ ఏంజెలిస్‌లో ఆర్కిటెక్టు పియర్ కోనిగ్ కట్టిన ఇంటిని జూలియస్ షుల్మన్ రాత్రిపూట తీశాడు. కొండ అంచు దాటి గాలిలోకి చొచ్చుకుపోయిన గాజు గది మూల, లోపల కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు, కింద నగరం దీపాలు. దీపాల కోసం దాదాపు ఏడు నిమిషాల ఎక్స్‌పోజరు ఇచ్చి, అంటే అంతసేపు కెమెరాలోకి వెలుగు రానిచ్చి, చివరలో అమ్మాయిల కోసం ఫ్లాష్ వెలిగించాడు.

చుట్టింటికి మూల లేదు. నిలువు గీత లేదు. చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లూ ఒరిగే ఉన్నాయి. ఊళ్లో తిన్నగా ఉన్న గీత సముద్రం ఒక్కటే. పైగా 24 మిల్లీమీటర్ల లాంటి వెడల్పు లెన్స్ గుండ్రటి వస్తువును చిత్రం అంచుల దగ్గర సాగదీస్తుంది. మామ్మ ఇల్లు ఒక పక్కకు ఉబ్బి, కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టు వచ్చింది.

జనవరి 20

అంత వెడల్పు చూడని 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి దూరం జరిగాను. ఇల్లు మళ్లీ గుండ్రంగా నిలిచింది. ఇళ్ల మధ్య సందు ఎంతో కొలిచి చూస్తే అన్ని ఇళ్లనూ తీయగలిగిన దూరం 12 మీటర్లని తేలింది. అంత పొడవు వల తాడుకు ముడి వేసి ఉంచుకున్నాను.

ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు దిగిపోతున్నాయి. నీటిమట్టం బుడగను మధ్యకు తెచ్చి చెయ్యి తీసేలోపే పక్కకు జరుగుతోంది. మామ్మ మనవడు ఎనిమిదో తరగతి. కాసేపు చూసి ఇంట్లోకి వెళ్లి మూడు కొబ్బరి చిప్పలు తెచ్చి, వెల్లకిలా పెట్టి ఒక్కో కాలి కింద ఒక్కోటి తోశాడు. చిప్ప కొంచెం దిగి ఆగిపోయింది. రోజంతా బుడగ కదలలేదు. ఆ మూడు చిప్పలూ ఇప్పుడు నా సంచిలో ఉన్నాయి.

మరో జాగ్రత్త: ఉప్పుగాలి. గంట తిరిగేసరికి ఫిల్టరు మీద పల్చటి పొర పడుతోంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో తడిపి తుడవాలి.

ఫిబ్రవరి 15

ఏడు ఇళ్లనూ ఒకే కొలతతో తీశాను. ఇందులో నాకు దారి చూపినవాళ్లు జర్మనీకి చెందిన బెర్న్‌డ్, హిల్లా బెకర్ దంపతులు. నీళ్ల ట్యాంకులు, కొలిమి గోపురాలు, కూలింగ్ టవర్లు, ఇలా ఎవరూ అందంగా ఉన్నాయని అనుకోని కట్టడాలను దశాబ్దాల పాటు తీశారు. ఎదురుగా నిలబడి, నీడ పడకుండా మబ్బు పట్టిన రోజు చూసి తీయడం వాళ్ల పద్ధతి. ఒకే రకం కట్టడాలను వరుసల్లో పక్కపక్కన పెట్టి చూపించేవారు. అలా పెట్టినప్పుడు ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడా కంటికి తగులుతుంది. వాళ్లు తీసినవాటిలో చాలావరకు గుండ్రటివే కదా, నాకూ పనికొస్తుందని ఆశపడ్డాను.

మబ్బు రోజే దొరికింది. 12 మీటర్లు, లెన్స్ ఎత్తు మీటరున్నర, ఏడు ఇళ్లు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు తెలిశాయి. రెండిళ్లకు శిఖరం మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఒక ఇంటికి చూరు కోసేసి రేకు దించారు. ఒకటి సముద్రం వైపు కుంగింది. ఇవి కావలసిన సమాచారమే, ఇలాగే దాచిపెడతాను. కానీ తాటాకు మాత్రం చచ్చిపోయింది. ఇనుముకూ కాంక్రీటుకూ నీడ లేకపోయినా ఆకారం నిలుస్తుంది. ఆకు మీద ఆకు వేసి నేసిన కప్పుకు నీడే ప్రాణం. మబ్బు వెలుగులో అది గడ్డివామి.

మర్నాడు మబ్బు విడిపోయింది. సూర్యుడు సముద్రం మీద రెండు బారల ఎత్తు లేచి, నా ఎడమ భుజానికి సూటిగా ఉన్న పది నిమిషాల్లో మామ్మ ఇంటిని మళ్లీ తీశాను. కప్పు మీద ప్రతి వరుసా కింది వరుస మీద సన్నటి నీడ వేసింది. ఇరవై ఒక్క వరుసలు. నేసినవాడి చెయ్యి ఎక్కడ బిగిసిందో ఎక్కడ వదులైందో లెక్కపెట్టవచ్చు.

మార్చి 2

ఈ మధ్య రెండు వారాలు విశాఖపట్నం పనులే. మధురవాడలో ఒక అపార్ట్‌మెంటు, ఒక కార్పొరేట్ కార్యాలయం. ఒకచోట డబ్బు ఇంకా రాలేదు. ఈ ప్రాజెక్టుకు పెద్ద ప్రింట్లు వేయించడం వచ్చే నెలకు వాయిదా పడింది.

మార్చి 8

చిన్న ప్రింట్లు పట్టుకుని ఊరికి వెళ్లాను. మామ్మ తన ఇంటి ఫొటోను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. బాగుందని అనలేదు. వేలితో చూరు దగ్గర రాస్తూ, "లోపలికి ఎలా రావాలి బాబూ దీంట్లోకి?" అని అడిగింది.

తలుపు ఉందిగా మామ్మా అని చూపించాను.

"ఉంది. ఇక్కడి నుంచి చూస్తే ఉంది. వచ్చేవాడికి ఇలా కనిపించదు" అంది.

ఆ మాట విన్నాక కెమెరా పక్కన పెట్టి, లేజర్ మీటరుతో ఇంటిని కొలవడం మొదలుపెట్టాను. గది లోపలి అడ్డుకొలత 4 మీటర్ల 20 సెంటీమీటర్లు. గోడ మందం 30 సెంటీమీటర్లు. గోడ చుట్టూ మీటరు వెడల్పున అరుగు. కప్పు అంచు నుంచి అంచుకు 6 మీటర్ల 80. శిఖరం నేల నుంచి 4 మీటర్ల 40. చూరు నేల నుంచి 95 సెంటీమీటర్లు.

95 సెంటీమీటర్లంటే నా నడుము. ఇంటికి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి చూస్తే చూరు అడ్డం వచ్చి తలుపు కింది సగమే కనిపిస్తుంది. వంగితే మిగతా సగం తెరుచుకుంటుంది. ఈ ఇంటికి వచ్చే ప్రతి మనిషీ, చుట్టమైనా అప్పులవాడైనా, మొదట తల వంచి తర్వాతే ఇంటి లోపలిని చూస్తాడు. నేను రెండు నెలలుగా నిలబడి తీస్తున్నాను. మా వృత్తిలో లెన్స్‌ను నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో పెట్టడం అలవాటు. అది నిలబడి లోపలికి నడిచే ఇళ్లకు పుట్టిన అలవాటు.

ట్రైపాడ్ నడి కడ్డీ తీసేసి, కాళ్లు పరిచి, లెన్స్‌ను 60 సెంటీమీటర్ల ఎత్తుకు దించాను. ఇక్కడ 24 మిల్లీమీటర్ల షిఫ్ట్ లెన్స్ మళ్లీ పనికొచ్చింది. కెమెరాను తిన్నగా ఉంచి లెన్స్‌ను పైకి జరిపితే, పైన చూరు ఒక పెద్ద వంపుగా చిత్రమంతా పరుచుకుంది. దాని కింద అరుగు, తలుపు, తలుపు వెనక చీకట్లో ఇత్తడి బిందె మీద ఒక వెలుగు చుక్క. ఈ ఫొటోలో ఇంటి శిఖరం కనిపించదు. కనిపించాల్సిన అవసరం లేదు.

మార్చి 9

లోపలి పని. కిటికీ లేదు. వెలుగు వచ్చే దారి తలుపు ఒక్కటే. బయటి ఎండకూ గది వెనక గోడకూ మధ్య తేడా వెలుగు కొలిచే మీటరులో 11 స్టాపులు వచ్చింది. ఒక్కో స్టాపుకూ వెలుగు రెట్టింపు కనుక, బయట లోపలికన్నా రెండు వేల రెట్లు ఎక్కువ వెలుగు ఉన్నట్టు.

అపార్ట్‌మెంట్లలో ఇలాంటి సమస్య వస్తే అయిదారు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్‌లో కలిపేస్తాను. కిటికీ బయట సముద్రమూ, లోపల సోఫా మీది కుట్టూ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. కొనేవాళ్లకు అదే కావాలి. ఇక్కడ అలా కలిపి చూశాను. గది పెద్దదైపోయింది, నిస్సారంగా కూడా అయిపోయింది. ఆ గదిలో నేను కూర్చున్నప్పుడు జరిగింది వేరు. మొదట ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఉట్టి కనిపించింది. తర్వాత గోడ మీద సున్నంతో వేసిన చేపలు, పద్మాలు. అన్నిటికన్నా చివర అటక దూలాలు. పొయ్యి పొగకు అవి నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. చుట్టింట్లో చీకటి కూడా కట్టుబడిలో భాగమే. మిట్టమధ్యాహ్నం బయట ఇసుక కాళ్లు కాలుస్తుంటే, లోపల నేల మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. వెలుగు రాని ఇంట్లోకి వేడి కూడా రాలేదు.

అందుకని ఒకే ఎక్స్‌పోజరు పెట్టుకున్నాను. లెన్స్ రంధ్రం ఎఫ్/11, సమయం 8 సెకండ్లు. తలుపు దగ్గర తెల్లగా కాలిపోయింది, పోనిచ్చాను. మామ్మ తలుపు పక్కన కూర్చుని వల ముడులు విప్పుతోంది. ఎనిమిది సెకండ్లలో ఆమె ముఖం కదలలేదు. చేతులు మాత్రం పొగలా వచ్చాయి.

పని అయ్యాక తిత్లీ సంగతి వచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాసకు దగ్గరలోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. "పక్కింటి రేకులు కత్తుల్లా ఎగిరిపోయాయి. మాకు సముద్రం వైపు ఆకు పోయింది, అంతే. గోడా వాసాలూ ఉన్నాయి" అంది. గాలి అడ్డంగా కొట్టడానికి ఈ ఇంటికి చదునైన గోడ లేదు. చూరు కిందికి దిగి ఉంటుంది కనుక లోపల దూరి కప్పును ఎత్తేయడానికి గాలికి సందు తక్కువ. మట్టిగోడ మీద వాన సూటిగా పడదు. ఇవి నేను పుస్తకాల్లో చదివిన కారణాలే. ఆమె తన మాటల్లో అన్నిటినీ చెప్పింది.

అయినా ఆమె కొడుకు స్లాబు ఇల్లే కావాలంటున్నాడు. అతని కారణాలూ సరైనవే. నిప్పు భయం. మూడు నాలుగేళ్లకోసారి ఆకు మార్చాలి. నేసేవాళ్లు దొరకడం లేదు. అతనికి ఎదురు చెప్పే హక్కు స్లాబు ఇంట్లో పుట్టి పెరిగిన నాకు లేదు.

ఏప్రిల్ 11

మనవడు ఫోన్ చేశాడు. రేపు ఇల్లు నేస్తున్నారట, పాత ఆకు దించేస్తారట. విశాఖపట్నంలో ఒప్పుకున్న పనిని రెండు రోజులు జరపమని అడిగి, మధ్యాహ్నం రైలెక్కాను.

ఏప్రిల్ 12

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

ఆరు గంటలకే అయిదుగురు పైకెక్కారు. పాత ఆకు శిఖరం నుంచి కిందికి విప్పుకుంటూ వచ్చారు. నల్లటి దుమ్ము, ఎండిన బల్లి గుడ్లు, ఏదో పిట్ట కట్టుకున్న గూడు. ఏడు గంటలకు అస్థిపంజరం బయటపడింది. ముప్ఫై రెండు వాసాలు. మధ్యలో నేల నుంచి లేచే నిట్రాడు లేదు. గోడల మీద అటక దూలాలు, వాటి మీద ఒక పొట్టి గుంజ, గుంజ తల దగ్గర వాసాలన్నీ కలిసే ముడి. ఆ ముడి మొత్తం కొబ్బరి పీచు తాడే. ఇంట్లో మేకు ఒక్కటి లేదు. నేసే పెద్దాయన ఒక వాసాన్ని గోటితో గీకి చూపించాడు. పొగ పట్టిన భాగం రాయిలా ఉంది. చివరి వైపు మాత్రం పురుగు తొలిచిన పొడి రాలింది. "గ్యాసు పొయ్యి వచ్చాక పొగ లేదు బాబూ. పొగ లేకపోతే పురుగు వస్తుంది" అన్నాడు.

వాసాల నీడలు ఇంటి నేల మీద, గోడల మీద చక్రం ఆకుల్లా పడ్డాయి. ఈ ఇంటి లోపల ఎండ పడేది ఇలాంటి రోజుల్లోనే. గది మధ్యలో నేల మీద కెమెరాను వెల్లకిలా పెట్టి, ముడిని సూటిగా కింద నుంచి తీశాను. జనవరిలో నన్ను తిప్పలు పెట్టిన గుండ్రదనం ఇక్కడ తనంతట తానే కుదురుకుంది.

అప్పుడు గమనించాను అటకకు పైన ఉన్న గోడను. అది జానెడున్నర ఎత్తు పట్టీ. కింది గోడను ఏటా అలుకుతారు, సున్నం వేస్తారు. అటకకు పైన ఎవరూ అలకరు, అక్కడికి ఎవరి చూపూ పోదు. కట్టిన రోజు మట్టి ఎలా మెత్తారో అలాగే ఉంది. వంగి వస్తున్న పొద్దుటి ఎండలో ఆ పట్టీ అంతా వేళ్ల చాళ్లు తేలాయి. నాలుగేసి గీతలు, ఎడమ నుంచి కుడికి వంపు తిరిగి, చెయ్యి అందినంత మేర. మళ్లీ నాలుగు. చుట్టూ అలాగే. ఒకచోట మట్టి జారితే అరచేత్తో నొక్కిన గుర్తు. బొటనవేలు గుంట లోతుగా ఉంది.

నిచ్చెన వేసుకుని దగ్గరి నుంచి సన్నటి వివరాలు పట్టే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్‌తో తీశాను. ఎండ గోడను రాసుకుంటూ పోయింది ఇరవై నిమిషాలే. తర్వాత సూర్యుడు పైకి లేచాడు, చాళ్లు చదునైపోయాయి.

కెమెరా తెర మీద చూపిస్తే మామ్మ నమ్మలేదు. నిచ్చెన ఎక్కుతానంది. మనవడు వద్దన్నా వినలేదు. నేనొక పక్క, వాడొక పక్క పట్టుకున్నాం. నాలుగు మెట్లు ఎక్కి, తన చెయ్యి తీసుకెళ్లి ఆ అరచేతి గుర్తులో పెట్టింది. సరిపోలేదు. గుర్తు పెద్దది, వేళ్లు పొడుగు.

"ఇది నా చెయ్యి కాదు. మా అత్తది. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఈ గోడ ఉంది. మనిషి పొడగరి" అంది. చెయ్యి మాత్రం తీయలేదు. కింద నుంచి తాటాకు మోపు అందిస్తున్న కుర్రాడు కూడా ఆగి చూశాడు.

అలా ఉన్నప్పుడు ఫొటో తీయలేదు. నా రెండు చేతులూ నిచ్చెన మీద ఉన్నాయి.

సాయంత్రం నాలుగింటికి కొత్త ఆకు సగం పైగా ఎక్కింది. ఆకుపచ్చ వాసన. అయిదున్నరకు చూరు కత్తిరించడం మొదలైంది. పెద్దాయన కొలబద్ద వాడలేదు. నేల మీద నిలబడి, తన నడుముకు చెయ్యి ఆనించి, ఆ ఎత్తునే చుట్టూ కోసుకుంటూ వెళ్లాడు. నేను వెనకాలే మీటరు పట్టి చూశాను. 93, 95, 94, 95.

ఏప్రిల్ 20

అరచేతి ఫొటోను ప్రింట్ వేయించాలి. మామ్మ అడిగింది ఒకటే, చెయ్యి ఉన్నంత సైజులోనే ఉండాలని. తీసేటప్పుడు గోడకు ఆనించి స్టీలు స్కేలు పెట్టి ఒక ఫ్రేమ్ తీసుకున్నాను కనుక అది కష్టం కాదు. మణికట్టు గీత నుంచి నడివేలి కొస దాకా 18 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్లు. విశాఖపట్నం ల్యాబులో మొదటి ప్రింట్ 18.1 వచ్చింది. వాళ్ల యంత్రం సైజు కొంచెం తగ్గించిందట. మళ్లీ వేయమని ఇచ్చి వచ్చాను.

మిగిలిన ఆరు ఇళ్లలో ఈ వేసవికి ఆకు మారుస్తున్నది రెండింటికే. ఒకదానికి ఏప్రిల్ 27న, ఇంకోదానికి మే మొదటి వారంలో. ఆ రెండు ఇళ్లకూ అటకకు పైన గోడ ఎంత ఉందో కనుక్కోమని మనవడికి చెప్పాను.